మన ఊళ్లోనే పుట్టారా?

ఒక జీవితం వివరాలను సరిచూసుకునే పద్ధతి

ఖరగ్‌పూర్‌లో తెలుగు సంఘం ఏదైనా సావనీర్ వేస్తోందనుకోండి. పెద్దలు చదువుకున్న కుర్రాణ్ణో అమ్మాయినో పిలిచి, "మన ఊరి గొప్పలు నాలుగు పేజీలు రాసిపెట్టు" అంటారు. రైల్వే వర్క్‌షాపు, హిజ్లీ జైలు, ఐఐటీ, పొడవైన ప్లాట్‌ఫారం అయ్యాక పేజీ ఇంకా మిగిలే ఉంటుంది. అప్పుడు ఎవరో ఒకరు అందుకుంటారు: "ఫలానా ఇంగ్లీషు సినిమా తార మన రైల్వే కాలనీలోనే పుట్టిందట. వాళ్ల నాన్న బీఎన్నార్‌లో ఇంజనీరు. అదీ రాయి."

రాయాలా, వద్దా? ఈ అధ్యాయమంతా ఆ ప్రశ్నకు జవాబే. చనిపోయిన నటీనటుల పుట్టుపూర్వోత్తరాలతో మనకేం పని అనుకోకండి. ఆస్తి కాగితంలో తాతగారి పేరు, పెళ్లి సంబంధంలో అవతలివారి చదువు, పింఛను దరఖాస్తులో అమ్మ పుట్టిన తేదీ, ఇలాంటివన్నీ సరిచూసుకోవడానికి పనికొచ్చే పద్ధతి ఒక్కటే. నటుల జీవితాల మీద నేర్చుకుంటే తేలిక. వాటిమీద ఎన్నో చేతులు పడి ఉంటాయి కాబట్టి తప్పు ఎక్కడ ఎలా పుడుతుందో స్పష్టంగా కనిపిస్తుంది.

రైల్వే ఊళ్లలో ఈ చిక్కు ఎందుకు ఎక్కువ?

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బీఎన్నార్) ఏర్పడింది 1887లో. ఆ పట్టాలు వచ్చాకే ఖరగ్‌పూర్ జంక్షన్ అయింది, వర్క్‌షాపు వచ్చింది, కాలనీ వెలిసింది. శ్రీకాకుళం, విజయనగరం, గంజాం వైపు నుంచి మనవాళ్లు వచ్చారు. ఆంగ్లో ఇండియన్లు వచ్చారు. ఇంగ్లండు నుంచి ఇంజనీర్లు, ఫోర్‌మన్లు వచ్చారు. వచ్చినవాళ్లలో చాలామంది బదిలీ మీద పోయారు, రిటైరై పోయారు, దేశమే వదిలి పోయారు. ఇలాంటి ఊళ్లో "ఆయన ఖరగ్‌పూర్ మనిషి" అన్న మాటకు ఎన్ని అర్థాలైనా ఉండవచ్చు. ఇక్కడ పుట్టి ఉండవచ్చు, పెరిగి ఉండవచ్చు, రెండేళ్లు ఉద్యోగం చేసి ఉండవచ్చు. మహేంద్రసింగ్ ధోనీ ఈ స్టేషన్లో 2001 నుంచి 2003 దాకా టికెట్ ఎగ్జామినర్‌గా పనిచేశాడు. పుట్టింది మాత్రం రాంచీలో. ఆయన విషయంలో ఎవరూ పొరబడరు, కళ్లముందు జరిగింది కాబట్టి. అదే వందేళ్ల కిందటి మనిషైతే, పనిచేసిన ఊరు మెల్లగా పుట్టిన ఊరైపోతుంది.

మన ఇళ్ల సంగతే చూడండి. తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వెళుతుంది. నాన్న ఖరగ్‌పూర్ నిమ్‌పురా యార్డులో డ్యూటీలో ఉంటాడు, బిడ్డ పలాసలోనో బొబ్బిలిలోనో పుడుతుంది. మూడో నెలలో ఖరగ్‌పూర్ వచ్చి ఇక్కడే పెరుగుతుంది. ఆ బిడ్డ ఏ ఊరిది? ఇంగ్లీషువాళ్ల ఇళ్లలోనూ ఇదే జరిగింది. 2020 సెప్టెంబరులో చనిపోయిన బ్రిటిష్ నటి డయానా రిగ్ తండ్రి బికనీర్‌లో రైల్వే ఇంజనీరు. ఆమె ఎనిమిదేళ్ల వయసు దాకా అక్కడే పెరిగింది, హిందీ మాట్లాడేది. కానీ పుట్టింది 1938 జూలై 20న, ఇంగ్లండులోని డాంకాస్టర్‌లో. రెండు నెలల పిల్లగా ఇండియా చేరింది. తండ్రి ఉద్యోగం చూసి, బాల్యం చూసి "బికనీర్‌లో పుట్టింది" అని రాసేయడం ఎంత సులువో చూడండి.

ఒక నటి, మూడు పుట్టుకలు

ఈ విద్య నేర్చుకోవడానికి మెర్ల్ ఓబెరాన్ కథను మించిన పాఠం లేదు. ఆ కథలో రైల్వే ఉంది, కలకత్తా ఉంది, ఒక ఊరి గర్వమూ ఉంది.

1930లలో లండన్‌లో అలెగ్జాండర్ కోర్డా అనే నిర్మాత ఆమెను తారను చేశాడు. 1933లో వచ్చిన 'ది ప్రైవేట్ లైఫ్ ఆఫ్ హెన్రీ ది ఎయిత్'లో ఆన్ బొలీన్‌గా కనిపించింది. 1935 నాటి 'ది డార్క్ ఏంజెల్' ఆమెకు ఉత్తమ నటి ఆస్కార్ నామినేషన్ తెచ్చింది. 1939లో 'వుదరింగ్ హైట్స్' చేసింది, అదే ఏడాది కోర్డాను పెళ్లాడింది. పత్రికలకు చెప్పిన పుట్టుక కథ ఇదీ: ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న టాస్మానియా ద్వీపంలో, హోబార్ట్ పట్టణంలో, మంచి కుటుంబంలో పుట్టింది, తండ్రి వేటలో ప్రమాదవశాత్తూ పోయాడు, తర్వాత ఇండియా చేరింది. జనన పత్రం ఏదంటే, అగ్నిప్రమాదంలో కాలిపోయిందన్నారు.

ఇది ఒట్టి గొప్పకోసం ఆడిన అబద్ధం కాదు. ఆ రోజుల్లో తెరమీద నాయిక తెల్లజాతి మనిషే కావాలి. 1934 నుంచి గట్టిగా అమలైన హాలీవుడ్ నియమావళి, తెల్లవారికీ ఇతరులకూ మధ్య ప్రేమను చూపడానికి ఆచరణలో అడ్డుపడేది. మిశ్రమ రక్తమని తెలిస్తే ఆమె సినిమా జీవితం ఆనాడే ముగిసేది. టాస్మానియా అయితే బ్రిటిష్ గడ్డ, పైగా లండన్‌కూ హాలీవుడ్‌కూ ఎంతో దూరం. వెళ్లి అడిగేవాళ్లెవరు?

నిజానికి ఆమె పుట్టింది బొంబాయిలో, 1911 ఫిబ్రవరి 19న. పేరు ఎస్టెల్ మెర్ల్ ఓబ్రయన్ థాంప్సన్. తండ్రిగా నమోదైన ఆర్థర్ థాంప్సన్ ఇంగ్లండులోని డార్లింగ్టన్ నుంచి వచ్చి ఇండియాలో రైల్వేల్లో పనిచేసిన ఇంజనీరు. 1914లో సైన్యంలో చేరి యుద్ధకాలంలో న్యుమోనియాతో పోయాడు. పెంచింది షార్లెట్ సెల్బీ, సింహళ మూలాలున్న మహిళ. 1917లో వాళ్లు కలకత్తా చేరారు. మెర్ల్ అక్కడ లా మార్టినేర్‌లో చదివింది. తర్వాత క్వీనీ థాంప్సన్ పేరుతో టెలిఫోన్ ఆపరేటర్‌గా పనిచేసింది, ఔత్సాహిక నాటక సంఘంలో వేషాలు వేసింది. ఖరగ్‌పూర్ నుంచి హౌరా లోకల్ ఎక్కితే చేరే ఊరే అది.

ఆమె 1979 నవంబరు 23న కాలిఫోర్నియాలో చనిపోయింది. 1983లో చార్లెస్ హైయమ్, రాయ్ మోస్లీ కలిసి రాసిన జీవిత చరిత్ర 'ప్రిన్సెస్ మెర్ల్' వచ్చింది. బొంబాయి జనన నమోదు, బాప్తిజం పత్రం, బంధువుల దగ్గరున్న ఉత్తరాలు, ఫొటోలు ఆ రచయితలకు దొరికాయి. హోబార్ట్ కథ కూలిపోయింది. సంగతి తేలిపోయిందనే అందరూ అనుకున్నారు.

కానీ తేలింది సగమే. తల్లి అని అందరూ నమ్మిన షార్లెట్ నిజానికి అమ్మమ్మ. కన్నతల్లి షార్లెట్ కూతురు కాన్‌స్టన్స్. మెర్ల్ పుట్టేనాటికి ఆమెకు ఇంకా చిన్నతనం వీడలేదు. పరువు కోసం అమ్మమ్మ తల్లి అయింది, తల్లి అక్క అయింది. కాన్‌స్టన్స్ కొడుకు హారీ బొంబాయిలో మెర్ల్ జనన పత్రం వెతికి పట్టుకున్నాక, తాను పిన్ని అనుకుంటున్న మనిషి తన తల్లి కన్న అక్కే అని తెలుసుకున్నాడు. జీవిత చరిత్ర రాసిన హైయమ్‌కు ఆ మాట చెప్పలేదు. 2002లో మరీ డెలోఫ్‌స్కీ తీసిన 'ది ట్రబుల్ విత్ మెర్ల్' డాక్యుమెంటరీలో బయటపెట్టాడు. 2025లో మయూఖ్ సేన్ రాసిన 'లవ్, క్వీనీ' ఈ జీవితాన్ని మళ్లీ మొదటి నుంచి చెప్పింది.

హోబార్ట్ సంగతి ఇంకా విచిత్రం. టాస్మానియాలో జనం ఆమెను తమ బిడ్డగా అప్పటికే సొంతం చేసుకున్నారు. లాటీ చింటాక్ అనే చైనా సంతతి హోటల్ పనిమనిషికి పుట్టిందని అక్కడ ఒక కథ పుట్టింది. చిన్నప్పుడు చూశామన్నవాళ్లు కూడా తయారయ్యారు. 1978లో హోబార్ట్ మేయర్ ఆమెను పిలిచి విందు చేశాడు. అక్కడికి వెళ్లి, తాను ఆ ఊళ్లో పుట్టలేదని ఆమే అంది. ఒంట్లో బాగాలేదంటూ పక్కకు తప్పుకుంది. చిన్నప్పుడు ఓడలో వెళుతుంటే నాన్నకు జబ్బు చేసి హోబార్ట్‌లో దిగామని కారు డ్రైవరుతో చెప్పిందట. అది మరో కొత్త కథ.

లండన్‌లో అల్లిన అబద్ధానికి టాస్మానియాలో సాక్షులు దొరికారు. సావనీర్ రాసేవాళ్లు గోడకు అంటించుకోవలసిన సంగతి ఇదే. ఊరు గట్టిగా కోరుకుంటే జ్ఞాపకాలు కూడా పుట్టుకొస్తాయి. వాళ్లు మోసగాళ్లు కారు, మనలాంటివాళ్లే.

ఇక పద్ధతిలోకి వద్దాం.

మొదటి మెట్టు: వాక్యాన్ని విడగొట్టండి

నిమ్‌పురా యార్డులో గూడ్సు బండిని పరీక్షించేవాళ్లు దూరం నుంచి చూసి బండి బాగుందని రాసేయరు. ఒక్కో వ్యాగన్ దగ్గర ఆగి, వంగి, చక్రమూ బ్రేకూ చూసుకుంటూ పోతారు. జీవిత వివరాలనూ అలాగే చూడాలి. "ఆమె ఖరగ్‌పూర్ రైల్వే ఆసుపత్రిలో 1911లో బీఎన్నార్ ఇంజనీరుకు పుట్టింది" అన్నది ఒక వాక్యమే, కానీ అందులో ఐదు మాటలున్నాయి: ఊరు, ఆసుపత్రి, సంవత్సరం, తండ్రి ఉద్యోగం, ఆ ఉద్యోగం ఏ రైల్వేలో. ఐదింటినీ ఐదు వరుసల్లో రాయండి. ఎదురుగా, దేనికి ఆధారం ఏమిటో రాయండి. తండ్రి ఉద్యోగం నిజమైనంత మాత్రాన ఊరు నిజం కాదు. 1983 పుస్తకం పుట్టిన ఊరును సరిచేసింది, తల్లి పేరును సరిచేయలేకపోయింది. ఒక్క వివరం నిజమని తేలితే తక్కినవన్నీ దాని వెంట నిజమైపోతాయని అనుకోవడమే మనం ఎక్కువగా చేసే పొరపాటు.

రెండో మెట్టు: నాలుగు ప్రశ్నలు

ప్రతి ఆధారాన్నీ ఈ నాలుగూ అడగండి. ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు? వాళ్లకెలా తెలుసు? అలా చెబితే వాళ్లకేమిటి లాభం?

స్టూడియో ప్రకటనకు లాభం స్పష్టమే. కుటుంబం మాటకు పరువుతో పని ఉంటుంది. ఊరి మాటకు గర్వంతో పని ఉంటుంది. సంతాప వార్త రాసిన విలేకరికి లాభమేమీ లేదు, కానీ సాయంత్రంలోపు రాసివ్వాలి కాబట్టి పాత ప్రకటననే మళ్లీ ఎక్కిస్తాడు.

"ఎప్పుడు" అన్నది మనవాళ్లు తరచూ మరిచిపోయే ప్రశ్న. ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం ఖరగ్‌పూర్‌దేనని ఇప్పటికీ ఎందరో రాస్తున్నారు. 1072.5 మీటర్ల ఆ ప్లాట్‌ఫారానికి ఆ పేరు నిజంగానే ఉండేది. 2013లో గోరఖ్‌పూర్ 1366 మీటర్లతో దాన్ని దాటింది, 2023లో హుబ్బళ్లి 1507 మీటర్లతో రెంటినీ దాటింది. పాత పుస్తకం అబద్ధం చెప్పలేదు. దాన్ని చూసి ఈ రోజు తేదీ వేసి రాస్తే తప్పు మనదే.

మూడో మెట్టు: సంఘటనకు దగ్గరి కాగితం

పుట్టుక గురించి చావు సర్టిఫికెట్ కంటే జనన నమోదుకు ఎక్కువ తెలుస్తుంది. పెళ్లి గురించి ఆత్మకథ కంటే పెళ్లి రిజిస్టరుకు ఎక్కువ తెలుస్తుంది. సంఘటన జరిగిన రోజుకు ఎంత దగ్గరలో రాస్తే కాగితానికి అంత బరువు.

బ్రిటిష్ కాలంలో ఇండియాలో పుట్టిన క్రైస్తవ కుటుంబాల పిల్లలకు చర్చి బాప్తిజం రిజిస్టరే ముఖ్యమైన ఆధారం. చర్చి దగ్గరి రిజిస్టరుకు నకలు తీసి ప్రెసిడెన్సీ ద్వారా లండన్‌కు పంపేవారు. బెంగాల్, మద్రాసు, బొంబాయి ప్రెసిడెన్సీలవి విడివిడి వరుసలుగా ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి. ఖరగ్‌పూర్ వెతకాలంటే బెంగాల్ వరుస చూడాలి. బ్రిటిష్ ఇండియా కుటుంబాల చరిత్ర వెతికేవాళ్ల సంఘం ఫిబిస్ ఇలాంటి సమాచారాన్ని సూచికలుగా పోగుచేస్తోంది. రెండు సంగతులు గుర్తుంచుకోండి. బాప్తిజం జరిగిన ఊరు, పుట్టిన ఊరు ఒకటే కానక్కర లేదు. రోమన్ కాథలిక్ చర్చిల నకళ్లు అన్నీ లండన్ చేరలేదు. కాబట్టి అక్కడ పేరు దొరకనంత మాత్రాన ఇక్కడ పుట్టలేదని కాదు. అలాంటప్పుడు రైల్వే కాలనీ చర్చిలోని అసలు రిజిస్టరే అడగాలి.

ఇంగ్లండులో జనన మరణాల ప్రభుత్వ నమోదు 1837 జూలై నుంచి ఉంది. అక్కడి మరణ ధ్రువపత్రంలో చనిపోయినవారి పుట్టిన తేదీ, ఊరు రాయడం మాత్రం 1969 ఏప్రిల్ 1 నుంచే మొదలైంది. అంతకుముందు వయసు మాత్రమే రాసేవారు. ఆ తేదీకి ముందు ఇంగ్లండులో పోయిన నటుడి మరణ పత్రంలో పుట్టిన ఊరు చూశామని ఎవరన్నా చెబితే, ఏ కాగితం చూశారో నెమ్మదిగా మళ్లీ అడగండి. తర్వాతి కాలపు పత్రంలోనైనా ఆ వివరం ఎదుట నిలబడి చెప్పిన బంధువుకు తెలిసినంతే ఉంటుంది. చనిపోయినవారు బతికుండగా ఇంట్లోవాళ్లకు ఏం చెప్పారో అదే కాగితమెక్కుతుంది.

నవల ఆధారం కాదు. కోర్డా తమ్ముడి కొడుకు మైకేల్ కోర్డా 1985లో 'క్వీనీ' అనే నవల రాశాడు, తర్వాత అది టీవీ సీరియల్ అయింది. మెర్ల్ జీవితం దానికి ప్రేరణ. కానీ అందులోని సన్నివేశం తెచ్చి మెర్ల్ జీవితంలో అతికిస్తే అది చరిత్ర కాదు.

నాలుగో మెట్టు: పేర్ల దగ్గర ఆగండి

కోర్డా సినిమాల్లోనే మెరిసిన మరో నటుడు సాబూ. 1937లో 'ఎలిఫెంట్ బాయ్', 1940లో 'ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్' అతనివి. అతను పుట్టిన ఊరు కారాపూర్, మైసూరు అడవుల దగ్గర. ఇంగ్లీషు అక్షరాల్లో గబగబా చదివితే కారాపూర్ కాస్తా ఖరగ్‌పూర్ అయిపోవడం ఎంతసేపు? బీహార్‌లో ముంగేర్ జిల్లాలో హవేలీ ఖరగ్‌పూర్ అనే మరో ఊరుంది. కాబట్టి ఏ కాగితంలో "ఖరగ్‌పూర్" కనబడినా జిల్లా చూడండి, ప్రెసిడెన్సీ చూడండి, చర్చి పేరు చూడండి. వెతికేటప్పుడు బీఎన్నార్ కాలపు స్పెల్లింగులు కూడా వేసి చూడండి. ఈ ఊరిని "ఖర్గ్‌పూర్" అని రాసిన సందర్భాలున్నాయి.

మనవాళ్లలో వి.వి. గిరి సంగతి చూడండి. బీఎన్నార్ కార్మికులను నడిపించి, తర్వాత రాష్ట్రపతి అయిన ఆయన 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. బెంగాల్‌లో ముర్షిదాబాద్ జిల్లాలో కూడా ఒక బహరంపూర్ ఉంది. గిరిగారిది గంజాం బరంపురం. ఆనాడది మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది, 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు అటు వెళ్లింది. "మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టారు" అన్నా, "నేటి ఒడిశాలో పుట్టారు" అన్నా రెండూ నిజమే. ఏ కాలపు సరిహద్దు చెబుతున్నారో రాయకపోతేనే గొడవ.

మనుషుల పేర్లూ అంతే. నటి వివియన్ లీ పేరుతో వెతికితే 1913 నవంబరు 5న డార్జిలింగ్‌లో పుట్టిన పాప దొరకదు. ఆ పాప పేరు వివియన్ మేరీ హార్ట్‌లీ. తెరపేరు, పెళ్లి తర్వాతి పేరు, ముద్దుపేరు, చర్చిలో పెట్టిన పేరు అన్నీ ముందే ఒక కాగితం మీద రాసుకుని వెతకడం మొదలుపెట్టండి.

ఐదో మెట్టు: తేదీలను లెక్క కట్టండి

రైల్వే ఇళ్లలో చాలామంది తాతయ్యలు జూలై 1నే పుట్టినట్టు ఎందుకుంటుందో తెలుసా? పుట్టిన సంవత్సరం మాత్రమే తెలిస్తే జూలై 1 అని, నెల కూడా తెలిస్తే ఆ నెల 16 అని సర్వీస్ రికార్డులో రాయాలని రైల్వే ఉద్యోగ నియమాల్లో ఉంది. వయసు మాత్రమే చెప్పగలిగితే, చేరిన రోజుకు ఆ వయసు నిండినట్టే లెక్క. ఆ తేదీతోనే తాతయ్య రిటైరయ్యారు, ఆ తేదీతోనే పింఛను అందుకున్నారు. ఆఫీసు అవసరానికి అది చాలు. జాతకం వేయించడానికి చాలదు. ఎవరి జీవితంలోనైనా జూలై 1, జనవరి 1 లాంటి గుండ్రటి తేదీ కనబడితే, అది పుట్టిన రోజా, గుమాస్తా రాసిన రోజా అని ఆలోచించండి.

చావు తేదీలోనూ ఇలాంటి మడతలుంటాయి. వివియన్ లీ 1967 జూలై 7వ తేదీ రాత్రి లండన్‌లోని తన ఇంట్లో నిద్రపోతూ కనిపించింది. అర్ధరాత్రి దాటాక చూస్తే గదిలో నేలమీద పడి ఉంది. మరణ పత్రంలో 8 అని రాశారు. ప్రాణం పోయింది పన్నెండుకు ముందా, తర్వాతా? అందుకే పుస్తకాల్లో రెండు తేదీలూ కనిపిస్తాయి. ఇలాంటిచోట "పత్రం ప్రకారం జూలై 8" అని రాయడమే మర్యాద.

వచ్చిన కథలను కూడా క్యాలెండరు పక్కన పెట్టి చూడండి. 1911లో క్వీన్ మేరీ ఇండియా వచ్చినందుకు మెర్ల్‌ను ముద్దుగా క్వీనీ అన్నారని చెబుతారు. రాజదంపతులు బొంబాయిలో దిగింది ఆ డిసెంబరులో, పిల్ల పుట్టింది ఫిబ్రవరిలో. అంటే అప్పటికి తొమ్మిది నెలలు నిండిన పిల్లకు ఆ పేరు వచ్చి ఉండాలి. అసాధ్యమేమీ కాదు. కానీ ఆ ముద్దుపేరును చూపించి పుట్టిన నెలను నిరూపించలేం. కథ నప్పడం వేరు, రుజువు కావడం వేరు.

ఆరో మెట్టు: సాక్షులను లెక్కపెట్టకండి, తూచండి

పది చోట్ల ఒకే మాట కనబడితే పది ఆధారాలున్నట్టు కాదు. ఒకరు రాసింది తొమ్మిదిమంది దించుకుని ఉండవచ్చు. హోబార్ట్ పుట్టుక ఏళ్ల తరబడి పత్రికల్లో, పుస్తకాల్లో వచ్చింది. అన్నింటి మూలమూ ఒకే ప్రచార కథ. దించుకున్న రాతలను పట్టుకోవడానికి ఒక చిట్కా ఉంది: అన్నింటిలో ఒకే అక్షరదోషమో, ఒకే వింత విశేషణమో కనిపిస్తుంది. ఒకరినొకరు చూడని రెండు ఆధారాలు, ఉదాహరణకు చర్చి రిజిస్టరూ బడి హాజరు పట్టీ, ఒకే మాట చెబితే దాని బరువు వేరు.

"కాగితాలన్నీ కాలిపోయాయి" అన్న మాట వినబడితే అక్కడితో ఆగిపోకండి. ఆ మంట నిజమైతే దానికీ ఒక తేదీ, ఒక ఆఫీసు ఉంటాయి. అది వెతకండి. నకలు మరో ఊళ్లో ఉందేమో చూడండి.

ఏడో మెట్టు: దాచిన మనిషిని చిన్నచూపు చూడకండి

నిజం బయటపెట్టేవాళ్లకు ఒక గర్వం వస్తుంది. దాన్ని అదుపులో పెట్టుకోవాలి. మెర్ల్ పుట్టిన 1911లోనే ప్రభుత్వం మిశ్రమ సంతతివారిని "ఆంగ్లో ఇండియన్" అని అధికారికంగా పిలవడం మొదలుపెట్టింది. ఆ కాలపు రైల్వేలో యూరోపియన్‌వా, ఆంగ్లో ఇండియన్‌వా, ఇండియన్‌వా అన్నదాన్ని బట్టి ఉద్యోగం, జీతం, ఉండే బంగళా, పిల్లలు వెళ్లే బడి నడిచేవి. కాగితంలో ఒక్క గడి మారితే బతుకు మారేది. లారా బేర్ అనే మానవ శాస్త్రవేత్త 2007లో ప్రచురించిన 'లైన్స్ ఆఫ్ ది నేషన్' పుస్తకం ఖరగ్‌పూర్ రైల్వే కుటుంబాల మధ్య చేసిన పరిశోధన మీదే నిలిచింది. వంశవృక్షం, ఆఫీసు ఫైలు, పరువు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడ్డాయో అందులో చూడవచ్చు. అలాంటి ఊళ్లో ఒక పాతతరం మనిషి తండ్రి ఊరును ఇంగ్లండు అని రాయించుకుంటే, అబద్ధం అన్న మాట దగ్గర ఆగకుండా, ఏ భయం ఆ గడి నింపిందో కూడా రాయండి.

బతికున్న బంధువులున్నప్పుడు మరింత జాగ్రత్త కావాలి. ఒక అవ్వ దగ్గరకు వెళ్లి "మీ అమ్మ పెళ్లి రికార్డు దొరకలేదేం?" అని అడగడం పరిశోధన కాదు, మొరటుతనం. "ఫొటో ఉందా అమ్మా, చూడొచ్చా?" అని మొదలుపెట్టండి. చెప్పినంత వినండి, చెప్పనిదాన్ని వదిలేయండి. హారీ ఆ రహస్యాన్ని ఏళ్లపాటు తన దగ్గరే ఉంచుకుని, తనకు నచ్చినప్పుడు, నమ్మిన మనిషికి చెప్పాడు. ఆ హక్కు అతనిది.

ఎనిమిదో మెట్టు: నమ్మకాన్ని కొలిచి రాయండి

సరిచూశాక వివరాలను మూడు రకాలుగా విడదీయండి. నమోదు కాగితం కళ్లతో చూసినవాటిని నేరుగా రాయండి. నమ్మదగిన పుస్తకం చెప్పినవాటిని ఆ పుస్తకం పేరుతో రాయండి. ఊళ్లో వినికిడిని "అంటారు" అనే రాయండి. ఏ రకంలోనూ చేరనిదాన్ని వదిలేయండి. సావనీర్ సంపాదకుడు "అంటారు తీసెయ్, బలం తగ్గుతోంది" అంటాడు. తీయకండి. ఆ ఒక్క మాట పోతే వినికిడి కాస్తా వాస్తవమై కూర్చుంటుంది. పదేళ్ల తర్వాత మీ సావనీరునే ఎవరో ఆధారంగా చూపిస్తారు.

మెర్ల్ గురించి ఖరగ్‌పూర్ సావనీర్లో నిజాయితీగా రాయగలిగింది ఇంత: "బొంబాయిలో పుట్టి, కలకత్తాలో పెరిగి, రైల్వే ఇంజనీరు కూతురిగా నమోదైన మెర్ల్ ఓబెరాన్, మన రైల్వే కాలనీలో ఉండేలాంటి మిశ్రమ కుటుంబం బిడ్డ. తన పుట్టుకను దాచుకోవలసి వచ్చిన కాలంలో ప్రపంచ తార అయింది." మన ఊళ్లో పుట్టిందని రాయకపోయినా ఈ రెండు వాక్యాలకు తక్కువేం కాలేదు. పైగా ఎవరు వచ్చి అడిగినా నిలబడతాయి.

ఈ వారం చేయండి

1. మీ ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరిని ఎంచుకోండి. పుట్టిన ఊరు, తేదీ, చదివిన బడి, ఉద్యోగంలో చేరిన ఏడాది, పెళ్లి తేదీ ఐదు వరుసల్లో రాయండి. ఆధారం కోసం ఎదురుగా ఖాళీ వదలండి.

2. సర్వీస్ రికార్డు నకలు, బడి సర్టిఫికెట్, ఆధార్, పెళ్లి శుభలేఖ బయటికి తీయండి. ఏ రెండింటి మధ్య తేడా వచ్చినా దిద్దకండి. రెండూ రాసి, ఏది ముందు పుట్టిన కాగితమో గుర్తు పెట్టండి.

3. ఆ పెద్దమనిషినే అడగండి: "ఈ తేదీ ఎవరు రాయించారు తాతా?" జవాబును ఆయన మాటల్లోనే రాసుకోండి, పక్కన ఈ రోజు తేదీ వేయండి.

4. మీ ఊరి గొప్పగా చెప్పుకునే ఒక మాటను తీసుకుని నాలుగు ప్రశ్నలూ అడగండి. నిలబడితే పదిమందికి చెప్పండి. నిలబడకపోతే, ఎక్కడిదాకా నిజమో అక్కడిదాకే చెప్పండి.

ఈ పని అలవాటైతే మీలో ఒక మార్పు వస్తుంది. ఎవరేం చెప్పినా వెంటనే ఒప్పుకోరు, వెంటనే కొట్టిపారేయరు. "ఎవరు చెప్పారు?" అని అడుగుతారు. మొదట్లో చుట్టుపక్కలవాళ్లకు విసుగ్గా ఉంటుంది. కొన్నాళ్లకు, తేల్చుకోవలసిన విషయం వచ్చినప్పుడల్లా మీ దగ్గరకే వస్తారు.